నది ఇవతలి గడియారం

"రాత్రి ఎన్ని ఈని ఉంటాయంటారు, టీచర్?"

కటకటాల వెనక నుంచి డేల్ కుచెరా అడిగిన మొదటి మాట అది. హత్యానేరం మీదికొస్తున్న మనిషి అడగవలసిన ప్రశ్న కాదు. కానీ అది మార్చి నెల. అతని కొట్టంలో నూట నలభై తొలిచూలు ఆవులు ఈనడానికి సిద్ధంగా ఉన్నాయి. బయట ఊపిరి గడ్డకట్టే చలి. వాటి దగ్గర అతని భార్య మార్లా ఒక్కతే ఉంది.

డిప్యూటీ షెరీఫ్ రూత్ హౌగెన్ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఒళ్లో పుస్తకం తెరిచింది. పోలీసు ఉద్యోగంలో చేరి తొమ్మిదేళ్లయింది. అంతకుముందు పద్నాలుగేళ్లు నాలుగో నంబరు బడిలో పాఠాలు చెప్పింది. డేల్ ఆ బడిలో మూడో బల్ల దగ్గర కూర్చునేవాడు. ఎక్కాలు బాగానే చెప్పేవాడు, అక్షరాలే వంకరగా రాసేవాడు.

"మార్లా పొద్దున ఫోన్ చేసింది. రెండు దూడలు చచ్చిపుట్టాయట," అంది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

"చుట్టుపక్కల వాళ్లు రాలేదా?"

ఆమె పుస్తకంలో పేజీ తిప్పింది. మామూలుగా అయితే పొద్దు పొడిచేసరికి డేల్ గుమ్మంలో పది బండ్లు ఆగి ఉండేవి. ఆ తాలూకాలో ఎవరికి ఇబ్బంది వచ్చినా అంతే. ఇవాళ ఒక్క బండీ రాలేదు. తమ శాసనసభ్యుడు ఆర్లో బ్రెకెని చంపిన వాడి ఆవులకు పురుడు పోయడానికి ఎవరూ రారు.

"వాళ్లే నమ్మారంటే ఇంక..." అని డేల్ గోడ వైపు తిరిగాడు.

"ఇటు చూడు. నిన్నటి సంగతి మళ్లీ చెప్పు. టైములతో సహా."

"పదకొండూ నలభైకి నల్లబల్ల మీద పేరు రాశా. పన్నెండింటికి నా వంతొచ్చింది."

అది ఆర్లో పెట్టిన పద్ధతి. రాజధానిలో శాసనసభ జరిగే రోజుల్లో ఆయన శనివారాలు ఇంటికొచ్చి, మూతపడిన ఆ బడిలో పొయ్యి రాజేసి, కాఫీ కాచి, ఉప్పు బిస్కెట్ల డబ్బా తెరిచి కూర్చునేవాడు. వచ్చినవాళ్లు నల్లబల్ల మీద టైమూ పేరూ తమ చేత్తోనే రాయాలి. వరస ప్రకారం మాట్లాడి, పని అయ్యాక ఆ పేరు మీద ఆర్లో అడ్డగీత గీసేవాడు. ఒక ఏడాది గవర్నరు వస్తే ఆయన చేతా రాయించాడు. ఎవరో ముసలావిడ తన ఇంటి ముందు తూము పూడిపోయిన గొడవ చెప్పడం పూర్తయ్యేదాకా గవర్నరు చిన్నపిల్లల బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"నీళ్ల బిల్లు సోమవారం సభకు వదిలేస్తానన్నాడు, టీచర్. పన్నెండేళ్లు సభలో వ్యవసాయ కమిటీ అధ్యక్షుడిగా ఉండి దాన్ని బయటికి రానివ్వని మనిషి. ఆ బిల్లు గెలిచి నీళ్లమ్ముకునే కంపెనీ ఇక్కడ బోర్లు వేస్తే నా బావులు రెండేళ్లలో ఎండిపోతాయి. ఒళ్లు మండింది. 'నా నీళ్లు పోతే నీ నెత్తురు చూస్తా' అన్నా. అందరూ విన్నారు."

"ఆయనేమన్నాడు?"

"నవ్వాడు. 'సోమవారం దాకా ఓపిక పట్టరా' అన్నాడు." డేల్ కటకటాల దగ్గరికొచ్చాడు. "పన్నెండున్నరకి అందరితోపాటు బయటపడ్డా. దాణా కొట్లో ఒకటిన్నర దాకా ఉన్నా. పశువుల డాక్టరు కూడా అక్కడే ఉన్నాడు. కానీ మనసొప్పలేదు. మా నాన్న పోయినప్పుడు ఆర్లో మూడు రోజులు మా గడ్డి కోశాడు. మాట తప్పయిందని చెబుదామని వెనక్కి వెళ్లా. బడి ముందు బండి ఆపేసరికి రెండూ ఐదు."

"లోపల?"

"పొయ్యి పక్కన బోర్లా పడున్నాడు. పొయ్యి కదిపే ఇనప కడ్డీ పక్కనే ఉంది. దాన్ని తీసి అవతల పెట్టా. బుద్ధి లేక పెట్టా."

"పొయ్యి మీద చెయ్యి పెట్టావా?"

"చల్లగా ఉంది. ఆయన కూడా." అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, "రెండూ పదికి మీ ఆఫీసుకి ఫోన్ చేశా," అన్నాడు.

రూత్ టైములన్నీ ఒక వరసలో రాసుకుంది. లేవబోతుంటే డేల్ అడిగాడు.

"సంతకం పెడితే ఇంటికి పంపిస్తారా, టీచర్?"

"ఏం సంతకం?"

"ప్రిచర్డ్ అని ఒకాయన చెప్పాడు. లాయరు, సభలో ఆర్లో పక్క సీటాయన. పొద్దున తనంతట తనే వచ్చి, ఫీజు లేకుండా వాదిస్తానన్నాడు. కోపంలో కొట్టాననీ, చంపాలని కాదనీ ఒప్పుకుంటే, జడ్జితో మాట్లాడి ఈతలయ్యేదాకా ఇంటికి పంపిస్తారట."

"చెయ్యనిదానికి ఒప్పుకుంటావా?"

"దూడ అడ్డం తిరిగితే మార్లా ఒక్కతే లాగలేదు, టీచర్."

రూత్ కటకటాల మధ్య నుంచి చెయ్యి పెట్టి అతని మణికట్టు పట్టుకుంది. "నేను తిరిగొచ్చేదాకా దేని మీదా సంతకం పెట్టకు."

డేల్ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

*

వరండాలో కర్ట్ వైల్యాండ్ ఎదురయ్యాడు. రాజధాని నుంచి వచ్చిన రాష్ట్ర దర్యాప్తు అధికారి. నిన్న సాయంత్రం వచ్చాడు. రాత్రికే కేసు తేల్చేశాడు.

"పాఠం అయిందా, పంతులమ్మగారూ? పిల్లాడు తప్పు ఒప్పుకున్నాడా?"

"పొయ్యి చల్లగా ఉందన్నాడు. రెండూ నలభైకి షెరీఫ్ వెళ్లినప్పుడూ చల్లగానే ఉందని రిపోర్టులో ఉంది. ఆ చలిలో ఆర్లో బతికుండగా పొయ్యి ఆరనివ్వడు. మీ లెక్క ప్రకారం రెండూ ఐదు దాకా బతికున్న మనిషి చల్లటి పొయ్యి పక్కన ఎందుకు కూర్చున్నాడు?"

"పొయ్యి కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పదు. కడ్డీ మీద వేలిముద్రలున్నాయి. నెత్తురు చూస్తానన్న మాట పదిమంది విన్నారు. ఆ టైములో అక్కడున్నవాడు వాడొక్కడే. మీకింకేం కావాలి?"

"డేల్ దాణా కొట్టు వదిలింది ఒకటిన్నరకి. ఆర్లోని అందరూ చివరిసారి చూసింది పన్నెండున్నరకి. మధ్యలో గంట ఉంది. ఆ గంటలో ఎవరొచ్చారో మీరు ఎవర్నీ అడగలేదు."

"ఈ ఊళ్లో గడియారాలు కూడా గంట వెనకే నడుస్తాయి, మేడమ్. మీరు ఇంకా వెనకున్నారు. మూడింటికి వాణ్ని తీసుకుని రాజధానికి బయల్దేరతాను. మంచు మొదలవకముందే నది దాటాలి."

అతని వెనక బల్ల మీద కూర్చున్నాయన లేచాడు. ముదురు నీలం కోటు, నెరిసిన జుట్టు, కళ్ల కింద ఉబ్బు. చేతిలో కాఫీ గ్లాసు.

"లీలాండ్ ప్రిచర్డ్," అని చెయ్యి చాచాడు. "ఇరవై ఏళ్లు ఆర్లో నా భుజానికి భుజం తగిలేలా కూర్చున్నాడమ్మా. నిన్న రాజధానిలో హైస్కూలు పిల్లల సభలో ఉన్నాను. నాలుగున్నరకి మాట్లాడటానికి లేచాను, అప్పుడే చీటీ అందించారు. ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను."

"డేల్ తరఫున మీరెందుకు వాదిస్తానన్నారు?"

"ఆర్లో బతికుంటే అదే చెయ్యమనేవాడు. మీకు తెలుసుగా ఆయన సంగతి."

రూత్‌కి తెలుసు. చెయ్యి కలిపినప్పుడు ఆయన ఎడమ కోటుచేతి అంచున తెల్లటి పిండి లాంటిది కనిపించింది. ఏ రొట్టెదో అనుకుంది. ఆమె ధ్యాసంతా గోడ గడియారం మీద ఉంది. పన్నెండూ ఇరవై. బడికి పాతిక నిమిషాల దారి.

*

నాలుగో నంబరు బడికి రూత్ వెళ్లేసరికి వైల్యాండ్ కారు కూడా వెనకే వచ్చి ఆగింది. ఆమెని ఒంటరిగా వదలడం అతనికి ఇష్టం లేనట్టుంది.

ఒకటే గది. పన్నెండు బల్లలు. ఈశాన్యం మూల పొయ్యి. నేల మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం. రూత్ దాని చుట్టూ తిరిగి వెళ్లింది. ఆర్లో పోయాడని నిన్న తెలిసిన దగ్గర్నుంచి ఆమె ఏడవలేదు. ఇప్పుడు కూడా పుస్తకంలో టైములు ఉన్న పేజీనే చూసుకుంది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట పదకొండు ఓట్ల తేడాతో గెలిచిన మనిషి. ఆ తర్వాత ఆయన మీద పోటీకి నిలబడ్డవాళ్లే తక్కువ. పెద్ద చట్టాలేవీ ఆయన పేరు మీద లేవు. ఆయన చేసినవి చాలావరకు ఆపడాలు. చిన్న బడులు మూసే బిల్లును ఏడేళ్లు ఆపాడు. రూత్ ఉద్యోగం ఆ ఏడేళ్లు అలా నిలబడిందే. మట్టిరోడ్ల మీద కంకర పోయించాడు. ఇరవై ఎనిమిది చలికాలాలు రాజధానిలో అదే చౌక హోటలు గదిలో, కరెంటు పొయ్యి మీద సూపు కాచుకుని గడిపాడు. నది అవతల టైము వేరు, దాటగానే గడియారం గంట ముందుకు తిప్పాలి. ఆయన ఒక్కనాడూ తిప్పలేదు. సభలో కూడా వాచీ ఇంటి టైమే చూపించేది. వాచీ తిప్పితే మనిషి తిరిగినట్టే అనేవాడు.

"ఏం వెతుకుతున్నారు?" అన్నాడు వైల్యాండ్, చేతులు రుద్దుకుంటూ.

రూత్ నల్లబల్ల ముందు ఆగింది. పద్నాలుగేళ్లు ఆ పలక ఆమె చేతి కింద ఉంది. నిన్నటి పేర్లు అలాగే ఉన్నాయి. తొమ్మిదీ పది నుంచి మొదలై తొమ్మిది పేర్లు. చివరిది 11:40, డేల్ కుచెరా, వంకర అక్షరాలతో. తొమ్మిదింటి మీదా అడ్డగీతలు. ఆ కింద జానెడు జాగాలో మాత్రం బల్ల రంగు వేరుగా ఉంది. మసకగా, మబ్బు పట్టినట్టు.

"ఇది ఎవరో తుడిచారు."

"ఆయనే తుడిచి ఉంటాడు."

"ఆర్లో తుడవడు, గీత గీస్తాడు. బల్లంతా తుడవాలంటే డస్టరు తలుపు వెనక మేకుకి ఉంటుంది. సుద్దపొడికి ఆయనకు దగ్గొచ్చేది, అందుకని దూరంగా పెట్టాడు. ఈ తాలూకాలో అందరికీ ఆ సంగతి తెలుసు. ఇది డస్టరుతో తుడిచింది కాదు. బట్టతో, ఒక్క ఊపులో రుద్దింది. అలా రుద్దితే రాత పోదు, పలచబడుతుంది అంతే. నేను ఎన్నేళ్లు పిల్లల్ని దీనికోసమే కేకలేశానో."

కిటికీ తలుపులు మూసింది. టార్చి లైటు బల్ల అంచుకి ఆనించి, వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుంది. మెల్లగా కిందికి దించింది. మబ్బులోంచి మొదట ఒక అంకె తేలింది. తర్వాత మరొకటి.

2:05. పక్కన పేరు లేదు. ఇంకో అంకె ఉంది. 32.

దాని మీద అడ్డగీత లేదు.

వైల్యాండ్ చిన్నగా నవ్వాడు.

"రెండూ ఐదు. మీ శిష్యుడు మీకేం చెప్పాడు, ఎన్నింటికొచ్చానన్నాడు?"

రూత్ పుస్తకం చూడనక్కర్లేదు. "రెండూ ఐదు."

"మరి ముప్పై రెండు? నిన్న రాత్రి సర్వే పటం చూశాను. డేల్ పచ్చిక భూమి ఎన్నో చెక్క?"

ఆమెకు తెలుసు. ఆ చుట్టుపక్కల భూములన్నిటికీ నంబర్లే పేర్లు. డేల్‌ది ముప్పై రెండో చెక్క.

"వచ్చాడు, అలవాటుగా బల్ల మీద రాశాడు, కొట్టాడు, రాసింది తుడిచాడు, ఫోన్ చేశాడు. నాకు ఇంతవరకు లేని రాతపూర్వక సాక్ష్యం ఇదొక్కటే. మీరే వెతికి ఇచ్చారు. థాంక్స్, పంతులమ్మగారూ."

"డేల్ పొద్దున పేరు రాశాడు. మధ్యాహ్నం నంబరెందుకు రాస్తాడు?"

"చంపడానికొచ్చినవాడు పూర్తి పేరూ అడ్రసూ రాయాలా?"

"చంపడానికొచ్చినవాడు అసలు రాయడు. మాట్లాడటానికి వచ్చినవాడే రాస్తాడు. పైగా ఈ అంకెలు చూడండి, నిటారుగా, ముత్యాల్లా ఉన్నాయి. డేల్ రాసిన మూడు ఎప్పుడూ బోర్లా పడుతుంది."

"అక్షరాలకి మార్కులు జడ్జి వేస్తాడులెండి." వైల్యాండ్ ఫొటోలు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. గొంతు కొంచెం తగ్గింది. "చూడండి మేడమ్, మీకు వాడి మీద జాలి ఉంది. నాకూ ఉంది. కానీ ఆర్లో బ్రెకె ఈ రాష్ట్రంలో అందరికీ కావలసిన మనిషి. జనం జవాబు అడుగుతున్నారు. నేను మూడింటికి బయల్దేరుతున్నా. అంతలో ఇంకేదైనా దొరికితే తెచ్చివ్వండి, చూస్తాను."

కారు వెళ్లిపోయింది. అప్పటికి ఒకటిన్నర కావస్తోంది.

*

రూత్ ఒక బల్ల మీద కూర్చుంది. డేల్ కూర్చునే బల్లే. మనిషిని విడిపిద్దామని వచ్చి, అతని మెడకి తనే ఉచ్చు బిగించింది. టార్చి వెలుగులో ఆ అంకెలు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. రెండూ ఐదుకి డేల్ గుమ్మంలో ఉన్నాడు. రెండూ ఐదుకి మరొకడు బల్ల దగ్గర నిలబడి రాశాడు. ఇద్దరూ ఒకరికొకరు కనిపించకుండా ఎలా? అయితే డేల్ అబద్ధమాడుతున్నాడు. లేదా ఆ రాత అబద్ధం.

బడి బీరువాలో బొగ్గు రసీదులు, బిస్కెట్ల డబ్బా, ఆర్లో తోలు సంచి తప్ప ఏమీ లేవు. సంచిలో కాగితాలు కూడా లేవు. అది ఆమెకు వింతగా తోచింది. ఖాళీ సంచి ఎవరైనా మోసుకొస్తారా?

ఆ చుట్టుపక్కల సెల్‌ఫోన్ పనిచెయ్యదు. గోడకున్న పాత ఫోను తీసి ఆర్లో ఇంటికి చేసింది. ఆయన భార్య వివియన్ మొదటి మోతకే ఎత్తింది.

"వివియన్, నేను రూత్‌ని. ఈ టైములో అడగకూడదు గానీ..."

"అడుగు. ఇంటినిండా ఎవరో తెచ్చిన వంటకాలే ఉన్నాయి, మాట్లాడే మనిషే లేడు."

"ఆర్లో సంచిలో నిన్న ఏం పెట్టుకున్నాడు?"

"సోమవారం ఉపన్యాసం. పసుపుపచ్చ కాగితాలు, ఆరో ఏడో. శుక్రవారం నాకు చదివి వినిపించాడు. ఆ నీళ్ల బిల్లు ఉంది చూడు, దాన్ని పన్నెండేళ్లు సొరుగులో దాచింది చాలు, ఇక అందరి ముందూ పెట్టి, అందరి ముందే చంపుతానన్నాడు. ఆ కంపెనీలో సభ్యుడొకడికి వాటా ఉందట. పేరు దగ్గరికొచ్చి ఆపేశాడు."

"ఎందుకు?"

"'ఆ మనిషికి ముందు ముఖం మీద చెప్పాలి, వివ్. చెప్పకుండా సభలో అంటే వెన్నుపోటు' అన్నాడు. అలాంటి పిచ్చి మర్యాదలు ఆయనకి చాలా." ఆమె ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "కాగితాలు కావాలంటే లీలాండ్‌ని అడుగు. ఆయనా ఆ ఉపన్యాసం గురించే పొద్దున ఫోన్ చేశాడు. ఇంట్లో ఇంకో ప్రతి ఏమైనా ఉందా, రేపు నాలుగింటికొచ్చి చూస్తానన్నాడు. వాళ్ల నాలుగో మన నాలుగో అడగడం మర్చిపోయా. వాళ్ల నాలుగే అయ్యుంటుంది."

రూత్ చేతిలో పెన్సిలు ఆగింది. "అదెలా తెలుసు?"

"లీలాండ్ నది ఇటొచ్చినా వాచీ తిప్పడు. మా ఆయన అటెళ్లినా తిప్పడు. ఇద్దరిదీ ఒకటే మొండితనం. ఇరవై ఏళ్లు ఈ ముప్పై ఒకటీ ముప్పై రెండూ దాని మీదే పోట్లాడుకున్నాయి."

"ముప్పై ఒకటేమిటి?"

"సీట్ల నంబర్లే అమ్మా. సభలో వాళ్లు పేర్లు పెట్టి పిలుచుకోరు. ఫోన్లో కూడా అంతే. 'ముప్పై రెండు మాట్లాడుతున్నా, ముప్పై ఒకటి ఉన్నాడా?' అంటాడు లీలాండ్. చీటీల మీద కూడా ఆ నంబరే రాసుకుంటారు. రూత్? ఉన్నావా?"

రూత్ నల్లబల్ల వైపు చూస్తోంది.

నది అవతల రెండూ ఐదంటే ఇక్కడ ఒకటీ ఐదు. ఒకటీ ఐదుకి డేల్ పశువుల డాక్టరు పక్కన, దాణా కొట్లో నిలబడి ఉన్నాడు. ఈ గదిలో ఆర్లో పొయ్యి రాజేసుకుని స్నేహితుడి కోసం చూస్తున్నాడు. ముఖం మీద చెప్పడానికి. వచ్చినవాడు ఎంత దగ్గరివాడైనా ముందు బల్ల మీద రాయాలి. రాశాడు. తన వాచీ చూసి రాశాడు. ఈ తాలూకా మనిషెవడూ ఆ టైము రాయడు.

మిగతా అంకెలు వాటంతటవే వరసలోకి వచ్చాయి. ఇక్కణ్నుంచి రాజధానికి రెండు గంటల దారి. నాలుగున్నరకి పిల్లల సభలో లేచి నిలబడ్డానన్నాడు. వాళ్ల నాలుగున్నర, మన మూడున్నర. ఒకటీ ఇరవైకి ఇక్కడ బయల్దేరిన మనిషి హాయిగా అందుకుంటాడు. ఆర్లో రెండూ ఐదు దాకా బతికున్నాడని అందరూ నమ్మినంతకాలం ఆయన్ని ఎవరూ అడగరు.

కోటుచేతి అంచున తెల్లటి పిండి. ఇందాక ఆయన చేతిలో కాఫీ గ్లాసే ఉంది. రొట్టె లేదు.

"వివియన్, తలుపు గడియ పెట్టుకోండి. నేను చెప్పేదాకా ఆయనొస్తే తియ్యకండి."

"ఎవరొస్తే? లీలాండా?"

"పెట్టుకోండి. మళ్లీ మాట్లాడతా."

షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ కలిపింది. తొందరలో రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. షెరీఫ్ హారల్డ్ యాంకె ఎత్తాడు. మంచివాడు, అలసిపోయినవాడు, ఎవరితోనూ తగవు పెట్టుకోనివాడు.

"హారల్డ్, డేల్‌ని పంపకు. వైల్యాండ్‌ని లైన్లోకి పిలు. నేను బయల్దేరుతున్నా, మూడింటిలోపు అక్కడుంటా."

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"హారల్డ్?"

"వాళ్లు వెళ్లిపోయారు, రూత్. ఇప్పటికి పది నిమిషాలైంది."

ఆమె తల తిప్పి గోడ గడియారం చూసింది. రెండూ పది.

"మూడింటికన్నాడు. నా ముందే అన్నాడు. ఇక్కడ కూడా అన్నాడు."

"వాడి మూడు," అన్నాడు హారల్డ్. "నేనూ మన మూడే అనుకున్నా. రెండు కొట్టగానే తాళాలు అడిగితే అప్పుడు అర్థమైంది."

రూత్ నుదురు ఫోను పెట్టె మీద ఆనించింది. గంట వెనకున్నారని వాడు మొహం మీదే చెప్పాడు. బల్ల మీద అంకె చదవగలిగిన తను ఆ మాట వినలేకపోయింది.

"కార్లో ఎవరెవరున్నారు?"

"వైల్యాండ్ నడుపుతున్నాడు. వెనక డేల్. వాడి పక్కనే లాయరు, ప్రిచర్డ్ గారు. ఆయన కారు తర్వాత తెప్పించుకుంటాడట. దారిలో కుర్రాడికి ధైర్యం చెబుతానన్నాడు. ఒళ్లో ఏవో కాగితాలు పెట్టుకున్నాడు."

"రేడియోలో పిలు."

"దేనికి? ఏమైంది?"

"ఆర్లోని చంపింది ప్రిచర్డ్. పిలు, హారల్డ్."

అవతల కుర్చీ కదిలింది. హారల్డ్ దూరంగా పిలుస్తున్నాడు, ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. రేడియో గరగర తప్ప ఏమీ వినబడలేదు. అతను తిరిగి వచ్చాడు.

"కొండ దాటేశారు. నది దాకా అందదు. నది దాటాక మన పరిధి కాదు." ఆ గొంతులో ఇంకో మాట ఉందని రూత్‌కి తెలిసింది.

"చెప్పు."

"వెళ్లేముందు డేల్ నన్ను పెన్ను అడిగాడు. ఇచ్చాను. ఇంటికి ఉత్తరం రాసుకుంటాడనుకున్నా."

రూత్ ఫోను పెట్టేసింది.

బయట మంచు మొదలైంది. కిటికీ అద్దం మీద సన్నగా, ఏటవాలుగా కొడుతోంది. వంతెన ఇక్కణ్నుంచి అరవై మైళ్లు. వాళ్ల కన్నా తను పది మైళ్లు నదికి దగ్గరగా ఉంది. రోడ్డు తెరిచి ఉంటే వంతెన దగ్గర ఆపొచ్చు. ఆ కార్లో ముప్పై రెండో సీటు మనిషి, కొట్టంలో చచ్చిపోతున్న దూడల గురించి మెత్తటి గొంతుతో మాట్లాడుతూ ఉంటాడు. డేల్ వింటూ ఉంటాడు. మూడో బల్ల కుర్రాడు ఏ కాగితం ముందు పెట్టినా వంకర అక్షరాలతో పేరు రాసిచ్చేవాడు, చదవకుండా.

ఆమె తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. దారిలో తనకేమైనా అయితే, ఇక్కడికొచ్చేవాళ్లకి తెలియాలి. సుద్దముక్క తీసింది. మసక మరక కిందుగా, నిటారు అక్షరాలతో రాసింది.

2:14. రూత్ హౌగెన్. వంతెన దగ్గరికి వెళుతున్నాను. ముప్పై రెండు అంటే ప్రిచర్డ్ సీటు నంబరు.

ఒక్క క్షణం ఆగి, అంకె పక్కన ఇంకో రెండు మాటలు చేర్చింది.

మన టైము.